ధాతువు మారే క్రియలు: కామారెడ్డి మాటలో కోరిక, ఆజ్ఞ, షరతు రూపాలు

క్రియకు ప్రత్యయం చేరేటప్పుడు ధాతువే రూపం మార్చుకోవడం చాలా భాషల్లో కనిపించే లక్షణం. స్పానిష్ నేర్చుకునేవాళ్లను బాగా ఇబ్బంది పెట్టే పాఠాల్లో ఇది ఒకటి. కోరిక, సందేహం, ఆజ్ఞ, దీవెన వంటివి చెప్పడానికి ఆ భాషలో సబ్జంక్టివ్ అనే ప్రత్యేక క్రియారూపాల వరుస ఉంది. అందులో చాలా ధాతువులు పురుషను బట్టి, వచనాన్ని బట్టి తమ అచ్చులు మార్చుకుంటాయి. తెలుగులో ఆ పేరుతో వేరే వరుస లేదు. అయితే ఇంకా జరగని పనిని, జరగాలని కోరే పనిని చెప్పేటప్పుడు తెలుగు క్రియ కూడా ధాతువును మారుస్తుంది. 'వస్త' అనే మనిషే 'రావాలె' అంటాడు, 'ఇస్త' అనే మనిషే 'ఇయ్యాలె' అంటాడు. ఈ మార్పులను కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు వాడుక ఆధారంగా వివరించి, స్పానిష్‌తోనూ ఇరుగుపొరుగు భాషలతోనూ పోల్చి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంతం, మాట

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పాత నిజామాబాద్ జిల్లా నుంచి ఏర్పడింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ దాని రెవెన్యూ డివిజన్లు. మంజీర నది, దాని మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్, కామారెడ్డి బెల్లం మార్కెట్ ఈ ప్రాంతానికి గుర్తులు. పడమటన మద్నూర్, బిచ్కుంద, జుక్కల్ దాటితే మహారాష్ట్ర, కర్ణాటక మొదలవుతాయి. అందుకే ఇక్కడ తెలుగుతోపాటు ఉర్దూ, మరాఠీ, కన్నడం, తండాల్లో లంబాడీ వినిపిస్తాయి.

తెలుగు మాండలికాలను భద్రిరాజు కృష్ణమూర్తి నాలుగు మండలాలుగా విభజించారు. తెలంగాణ అందులో ఉత్తర మండలం. కామారెడ్డి మాట ఆ మండలానికి చెందినదే కాబట్టి ఇక్కడ చూపే రూపాలు చాలావరకు ఉత్తర తెలంగాణ అంతటా వినిపించేవే. ఉత్తమ పురుష చివర 'ను' ఉండదు: నేను వస్త, నేను పోత. బహువచనంలో మేము వస్తం, మనం పోతం. ప్రథమ పురుషలో వస్తడు, వస్తది, వస్తరు. భూతకాలంలో వచ్చిండు, వచ్చింది, వచ్చిండ్రు. మాట నడుమ అచ్చు జారిపోవడం మరో లక్షణం: పట్టుకొని రా అన్నది 'పట్కరా' అవుతుంది, కొడుతాను అన్నది 'కొడ్త' అవుతుంది. ఈ జారుడు వల్ల ధాతువులో వచ్చే మార్పు రాతభాషలో కంటే ఇక్కడ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

బస్టాండులో చెవిన పడే ఒక మామూలు వాక్యం తీసుకుందాం: "బస్సొస్తే ఎక్కుదం, రాకుంటే ఆటోల పోదం పా." ఇందులో వచ్చే పని రెండుసార్లు చెప్పారు. ఒకసారి ధాతువు 'వస్', రెండోసారి 'రా'. రెండింటికీ ఒక్క అక్షరం పోలిక లేదు. అయినా మాట్లాడేవాడు ఆగి ఆలోచించడు, వినేవాడు తికమకపడడు. వ్యాకరణం చెప్పాల్సింది ఈ తడబాటు లేకపోవడానికి కారణమేమిటన్నదే.

మూడు అంగాలు

ప్రత్యయం చేరే ముందు ధాతువు నిలిచే రూపాన్ని అంగం అందాం. తెలుగు క్రియకు ముఖ్యంగా మూడు అంగాలు ఉంటాయి. ఒకటి త, ద వంటి హల్లుల ముందు వచ్చేది: వస్త, వస్తే, వద్దం. రెండోది ఇకారం ముందు వచ్చేది: వచ్చి, వచ్చిన, వచ్చిండు. మూడోది అకారం ముందు వచ్చేది లేదా అకారాన్ని తనలో కలుపుకున్నది: రావాలె, రానియ్, రాకు, రాదు.

చాలా క్రియల్లో ఈ మూడింటి తేడా చిన్నది. అడుగు అనే క్రియను చూడండి: అడుగుత, అడిగిన, అడగాలె. నడిమి అచ్చు తర్వాత వచ్చే అచ్చును అనుసరించి ఉ, ఇ, అ అవుతుంది. కలుపుత, కలిపిన, కలపాలె కూడా అంతే. కొట్టు, పెట్టు, కట్టు అనేవాటిలో హల్లు మారుతుంది: కొట్టిన, కొట్టాలె అన్నప్పుడు ద్విత్వ టకారం నిలుస్తుంది, త ముందు అది డకారమై కొడ్త, పెడ్త, కడ్త అవుతుంది. తిను, కొను, విను, అను అనేవాటిలో నకారం సున్నగా మారి, పక్కనున్న తకారాన్ని టకారం చేస్తుంది: తింట, కొంట, వింట, అంట. భూతకాలంలో మళ్లీ తిన్న, కొన్న.

చేయు, కోయు, వేయు, రాయు, మోయు ఒక గుంపు. త ముందూ ఇ ముందూ యకారం సకారమవుతుంది: చేస్త, చేసిన, కోస్త, కోసిన. అకారం ముందు యకారం అలాగే ఉంటుంది: చెయ్యాలె, కొయ్యాలె. ద ముందు ఆ సకారం కూడా పోయి చేద్దం అవుతుంది. పిలుచు, నడుచు గుంపులో మూడు చోట్లా మూడు హల్లులు: పిలుస్త, పిలిచిన, పిలువాలె. స, చ, వ.

అన్నిటికంటే దూరం పోయినవి చకార ద్విత్వంతో ముగిసే నాలుగు చిన్న క్రియలు. ఇచ్చు: ఇస్త, ఇచ్చిన, ఇయ్యాలె. తెచ్చు: తెస్త, తెచ్చిన, తేవాలె. చచ్చు: సస్త, సచ్చిన, సావాలె. వచ్చు: వస్త, వచ్చిన, రావాలె. వీటిని బడి వ్యాకరణం అపవాదాలుగా చూపి వదిలేస్తుంది. నా అభిప్రాయంలో అది అన్యాయం. త ముందు స, ఇ ముందు చ్చ, అ ముందు య లేదా వ అనే క్రమం ఈ నాలుగింటిలో మూడింటికి ఒకే తీరుగా నడుస్తుంది. నాలుగోదైన వచ్చు కూడా మొదటి రెండు చోట్ల అదే దారిలో ఉంది. మూడో చోట కనిపించే 'రా'కు వేరే చరిత్ర ఉంది.

'రా' ఎక్కడిది

తమిళంలో వచ్చే పనికి వా, వరు, వంద అనే రూపాలున్నాయి. కన్నడంలో బా, బరు, బంద. ఈ వర్, బర్ తెలుగులో ఏమైంది? మొదటి అచ్చు, దాని తర్వాతి రేఫం చోట్లు మార్చుకున్నాయి. వర్ మీద అకారం చేరి 'వ్రా' అయి, ముందున్న వకారం జారి 'రా' మిగిలింది. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. తెలుగులో ఇది ఒక్క మాటకు పరిమితమైన వింత కాదు. తమిళ ఇరండు తెలుగులో రెండు, ఉరల్ తెలుగులో రోలు. వ్రాయు అన్నది రాయు కావడం మన కళ్లముందే రాతలో కనిపిస్తుంది. అవు అనే క్రియకు 'కా' అనే అంగం ఉండటం వెనక కూడా ఇలాంటి మార్పే ఉంది: ఐతది, అయింది, కాని కావాలె, కాదు, కాకుంటే.

ఈ చరిత్రను విడమరచిన పుస్తకం భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రచురించిన 'తెలుగు వెర్బల్ బేసెస్'. ఒంగోలులో 1928లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టి, 2012లో కన్నుమూసిన ఆయన తెలుగు ధాతువులను ద్రావిడ భాషల నేపథ్యంలో వరుసగా పరిశీలించారు. ఇవాళ ఒక పల్లెటూరి పిల్ల నోట 'వస్త, రాను' అన్న జంట వినిపిస్తే అందులో కొన్ని వేల ఏళ్ల ధ్వని చరిత్ర ఉందని చూపగలగడం ఆయన కృషి ఫలం.

జరగని పని ఏ అంగంలో ఉంటుంది

ఈ మూడు అంగాలను అర్థం వైపు నుంచి చూస్తే ఒక తీరు బయటపడుతుంది. ఇకార అంగం జరిగిన పనిది: వచ్చిండు, వచ్చిన మనిషి, వచ్చి కూసున్నడు. తకార అంగం ఎక్కువగా జరుగుతున్న, జరగబోయే పనిది: వస్తుండు, వస్తడు. అకార అంగం జరగని, జరగాల్సిన, జరగనివ్వాల్సిన పనిది. బాధ్యత: రావాలె. అనుమతి: రానియ్. నిషేధం: రాకు, రావద్దు. నిరాకరణ: రాను, రాడు. అవకాశం: రావచ్చు. ఆజ్ఞ: రా. గౌరవంగా పిలుపు: రాండ్రి. ఇన్ని అర్థాలు ఒకే అంగం మీద చేరడం కాకతాళీయం కాదు. ఇవన్నీ పని ఇంకా లోకంలోకి రాకముందు మనిషి మనసులో, మాటలో ఉన్న స్థితులు. స్పానిష్ సబ్జంక్టివ్ మోసే బరువులో పెద్ద భాగం తెలుగులో ఈ అకార అంగమే మోస్తోంది.

ఈ తీరుకు కామారెడ్డి మాటలోనే గట్టి సాక్ష్యం ఉంది. కోస్తాలో 'రావడం లేదు', 'రావట్లేదు' అంటారు. ఇక్కడ 'వస్తలేడు' అంటారు. 'పోతలేడు, చేస్తలేడు, తింటలేడు' అన్నీ ఇదే అచ్చులో పోసినవి. 'రాడు' అంటే రాకూడదనుకున్నాడు, రాబోడు. 'వస్తలేడు' అంటే ఇప్పుడు కళ్లముందు జరగవలసిన పని జరగడం లేదు. నిరాకరణ రెండింటిలోనూ ఉంది. మనసులోని నిర్ణయానికి అకార అంగం, కంటికి కనబడే స్థితికి తకార అంగం. కోస్తా రూపంలో రెండు చోట్లా 'రా'యే ఉండటంతో ఈ విభజన మరుగున పడింది. తెలంగాణ వాడుక దాన్ని తేటగా నిలబెట్టింది.

మినహాయింపులూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. షరతు ఇంకా జరగని పనే అయినా 'వస్తే' అని తకార అంగం మీద వస్తుంది. వ్యతిరేకంలో మాత్రం 'రాకుంటే', 'రాకపోతే' అని అకారానికి తిరుగుతుంది. కలిసి చేద్దామనే పిలుపు కూడా మొదటి అంగానిదే: వద్దం, పోదం, చేద్దం, తిందం. జరగని దాని మీద ఆశ చెప్పేటప్పుడు షరతునే వాడతారు: "వానలు పడితే మంచిగుండు." ఈ 'మంచిగుండు'లోని 'ఉండు' పాత కావ్యభాషలోని 'ఉండును'కు వారసుడు, కోస్తాలో అది 'బాగుండును' అనే మాటలో బతికి ఉంది.

రమ్మను, పొమ్మను

ఒకరి కోరికను ఇంకొకరికి చేరవేసేటప్పుడు తెలుగు చేసే పని విశేషమైనది. "మామను రమ్మను." "పిల్లలను తినమను." "పైసలు ఇయ్యమన్నడు." కోరే మనిషి ఒకరు, పని చేసే మనిషి వేరొకరు. స్పానిష్‌లో సరిగ్గా ఈ చోటే సబ్జంక్టివ్ తప్పనిసరి. 'దీలే కే బెంగా' అన్న వాక్యానికి అచ్చమైన తెలుగు 'వాణ్ని రమ్మని చెప్పు' అన్నదే. బెనీర్ అంటే వచ్చు. దాని సబ్జంక్టివ్ రూపం బెంగా.

'రమ్మను'లో దాగి ఉన్నది రమ్ము అనే పాత విధి రూపం. మామూలు మాటలో ఇవాళ ఎవరూ ఎదుటివాణ్ని రమ్ము అని పిలవరు. అయినా 'అను' పక్కన అది చెక్కు చెదరలేదు. ఇక్కడ ధాతువులో ఇంకో మార్పు గమనించాలి: దీర్ఘం హ్రస్వమవుతుంది. రా, రమ్ము, పో, పొమ్ము, తే, తెమ్ము. ద్విత్వం ముందు దీర్ఘం నిలవకపోవడమే ఇందుకు కారణం. బహువచన విధిలో కోస్తా మాట 'రండి' అని హ్రస్వం చేస్తే కామారెడ్డి మాట 'రాండ్రి' అని దీర్ఘాన్ని నిలుపుకుంటుంది. పోండ్రి, చెప్పుండ్రి, కూసోండ్రి ఈ వరుసలోవి. వద్దనేటప్పుడు రాకుండ్రి, పోకుండ్రి.

రారాదు

కామారెడ్డి, ఎల్లారెడ్డి వాడుకలో కోరిక చెప్పే రూపాలన్నిటిలో నాకు అందంగా తోచేది 'రాదు'తో చేసే పిలుపు. గడపలో నిలబడ్డ చుట్టాన్ని చూసి "ఇంట్లకు రారాదు" అంటారు. "జెర కూసోరాదు", "బుక్కెడు తినరాదు", "ఏమైందో చెప్పరాదు." అన్నీ ఆప్యాయంగా పిలిచే మాటలు. అదే మాట ఆఫీసు తలుపు మీద బోర్డుగా 'లోనికి రారాదు' అని ఉంటే అది నిషేధం. రాతలో రెండూ ఒకటే, అర్థం పూర్తిగా ఎదురు. వాడుకలో వీటిని వేరు చేసేది స్వరం. పిలుపులో చివరి అక్షరం లేచి, 'వస్తే ఏమైతది?' అన్న అడుగుడు ధ్వనిస్తుంది.

వ్యాకరణపరంగా ఈ రాదు వచ్చు అనే క్రియకే వ్యతిరేకం. 'చేయవచ్చు' అన్నదానికి ఎదురు 'చేయరాదు'. కాబట్టి 'రావచ్చు' అన్న మాటలో వచ్చే క్రియ రెండుసార్లు ఉంది, రెండు వేర్వేరు అంగాలతో: ముందు రా, వెనక వచ్చు. 'రారాదు'లో మళ్లీ రెండుసార్లు, ఈసారి రెండూ అకార అంగాలే. ఒక ధాతువు ప్రధాన క్రియగానూ, కోరికను తెలిపే సహాయక్రియగానూ పక్కపక్కనే నిలబడటం తెలుగు క్రియ ఎంత సాగుడు గలదో చూపుతుంది. మాండలికం తెలియని వాళ్లు ఈ పిలుపును తప్పు తెలుగుగా అనుకోవడం నేను విన్నాను. అది తప్పు కాదు, భాషలో లోతుగా పాతుకున్న నియమం.

దీవెన, శాపం

తెలుగులో ఆశంసకు నిజంగా ప్రత్యేకించిన రూపం ఏదైనా ఉందా అంటే ఉంది, అది ముసలవ్వల నోట వినిపిస్తుంది. "నీ కడుపు సల్లగుండ." కోపం వస్తే "నీ నోట్ల మన్ను వడ." ఇక్కడ ఉండ, వడ అనేవి పురుష, వచన ప్రత్యయాలు లేని ఉత్త అకార అంగాలు. వ్యాకరణంలో వీటిని తుమర్థకాలు అంటారు. మామూలుగా ఇవి 'ఉండవలె', 'పడనీ' వంటి రూపాలకు పునాది. దీవెనలో, తిట్టులో మాత్రం ఆ పునాదే వాక్యాన్ని ముగిస్తుంది. "నీ ఇల్లు బంగారం గాను" అన్న దీవెనలో అవు అనే క్రియ తన 'కా' అంగంతో కనిపిస్తుంది. కావ్యభాషలో తుమర్థకం చివర నకారం ఉండేది: చేయన్, రాన్, కాన్. 'గాను'లోని నకారం దాన్నే గుర్తుకు తెస్తుంది.

రాతభాష దీవెన దారి వేరు. 'కలుగుగాక', 'వర్ధిల్లుగాక' అన్నప్పుడు గాక చేరేది అకార అంగానికి కాదు, మామూలు ధాతురూపానికి. కావ్యాల్లో 'గాత' కూడా ఉంది. సభల్లో, ప్రార్థనల్లో అవి నిలిచాయి. ఇంట్లో నిలిచింది 'సల్లగుండ'.

వ్యాకరణాల్లో

తెలుగులో తెలుగుకు రాసిన తొలి వ్యాకరణంగా చెప్పే కేతన 'ఆంధ్రభాషాభూషణము' 13వ శతాబ్దిది. క్రియారూపాలకు ఇప్పటికీ మనం వాడే పేర్లు స్థిరపరచింది మాత్రం పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణము' (1858). అందులోని పది పరిచ్ఛేదాల్లో క్రియాపరిచ్ఛేదం ఒకటి. విధ్యర్థకం, ప్రార్థనాద్యర్థకం, ఆశీరర్థకం, చేదర్థకం, వ్యతిరేకార్థకం అనే విభజన స్పానిష్ సబ్జంక్టివ్ నేర్పేవాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. ఎందుకంటే ఆ భాష ఒకే రూపంలో కలిపేసిన అర్థాలను ఇది విడివిడిగా చూపుతుంది. అంతకుముందే విలియం కేరీ 1814లో, ఎ.డి. క్యాంబెల్ 1816లో, సి.పి. బ్రౌన్ 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు ప్రచురించారు. ఎ.హెచ్. ఆర్డెన్ వ్యాకరణం 1873లో వచ్చింది. వాడుక తెలుగుకు సమగ్రంగా వచ్చినది కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన 1985 నాటి పుస్తకం.

వీటిలో దేనికీ కామారెడ్డి మాట కేంద్రం కాదు. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం తెలంగాణ పల్లెలకూ వెళ్లింది గానీ అది పనిముట్ల పేర్లకు, వృత్తి మాటలకు సంబంధించినది. క్రియ అలాంటి కోశంలో ఇమడదు.

స్పానిష్‌లో

స్పానిష్ వర్తమాన సబ్జంక్టివ్‌కు మూల సూత్రం సులువు. క్రియలు ఆర్, ఏర్, ఈర్ అనే మూడు ముగింపులతో ఉంటాయి. ఆర్ క్రియల ముగింపు ఏకారానికి, మిగతా రెండింటిదీ ఆకారానికి మారుతుంది. ధాతువు మారే క్రియల్లో కష్టం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆలోచించు అనే అర్థమున్న పెన్సార్‌ను చూడండి. నేను, నువ్వు, అతడు, వాళ్లు అన్న నాలుగు చోట్ల ధాతువు 'పియెన్స్' అవుతుంది: పియెన్సే, పియెన్సేస్, పియెన్సే, పియెన్సెన్. మనం, మీరు అన్న రెండు చోట్ల 'పెన్స్' అలాగే ఉంటుంది: పెన్సేమోస్, పెన్సేయిస్. చెప్పు, లెక్కించు అనే అర్థాల కొన్తార్ కూడా అంతే: క్వెన్తే, కాని కొన్తేమోస్. ఆడు అనే హుగార్‌లో ఉకారమే మారుతుంది: హ్వేగే, కాని హుగేమోస్.

కారణం ఊనిక, అంటే మాటలో ఒత్తి పలికే చోటు. లాటిన్‌లో హ్రస్వమైన ఎ, ఒ అచ్చులు ఊనిక పడిన చోట స్పానిష్‌లో చీలి రెండేసి ధ్వనులయ్యాయి. ఊనిక ముగింపు మీదికి పోయిన చోట పాత అచ్చే మిగిలింది. మనం, మీరు రూపాల్లో ఊనిక ముగింపుది కనుక అక్కడ ధాతువు కదలదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆర్, ఏర్ క్రియల్లో మార్పు ఏ పురుషల్లో వస్తుందో బట్టీ పట్టనవసరం లేదు.

ఈర్ క్రియలు ఇంకో మెట్టు ఎక్కుతాయి. దోర్మీర్ అంటే నిద్రపోవు: నాలుగు చోట్ల ద్వెర్మా, ద్వెర్మాస్, ద్వెర్మా, ద్వెర్మాన్, మనం, మీరు అన్నప్పుడు దొర్మామోస్ రావాల్సిన చోట దుర్మామోస్, దుర్మాయిస్. సెన్తీర్‌లో సియెన్తా పక్కన సిన్తామోస్. లాటిన్ ముగింపులోని ఇకార ధ్వని ముందున్న అచ్చును పైకి లాగడమే ఇందుకు మూలం. మన అడుగు క్రియలో వెనకనున్న ఇకారం ఉకారాన్ని 'అడిగిన' చేయడం చూసినవాళ్లకు ఈ లాగుడు కొత్తగా అనిపించదు. అడుగు అనే పెదీర్ క్రియ మాత్రం అన్ని పురుషల్లోనూ ఇకారమే: పీదా, పిదామోస్.

వాడుక వైపు చూస్తే పోలికలు ఇంకా దగ్గరవుతాయి. నిద్రపోయేవాళ్లకు స్పానిష్ ఇంట్లో చెప్పే దీవెన 'కే ద్వెర్మాస్ బియెన్', హాయిగా నిద్రపట్టుగాక అని. వాన కోసం చూసే రైతు అక్కడ 'ఓహలా య్వేబా' అంటాడు. కామారెడ్డి రైతు 'వానలు పడితే మంచిగుండు' అంటాడు. వాన కురియు అనే యొబేర్ క్రియలోని ఒకారం ఊనిక పడి 'య్వే' అయింది. ఓహలా అన్న మాట అండలూసియా అరబ్బీ నుంచి వచ్చింది, దేవుడు తలిస్తే అని దాని మూలార్థం. కామారెడ్డి బజారులో ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట వినిపించే 'ఇన్షా అల్లా'కు అది దగ్గరి చుట్టం.

తేడా కూడా చెప్పాలి. స్పానిష్‌లో ధాతువు మార్పుకూ అర్థానికీ నేరుగా సంబంధం లేదు. మామూలు వర్తమానంలోనూ పియెన్సో అనే అంటారు. అర్థాన్ని మోసేది ముగింపు అచ్చు. తెలుగులో ముగింపుతోపాటు అంగం కూడా అర్థాన్ని మోస్తుంది. వస్తలేడు, రాడు అన్న జంట చెప్పేది అదే.

ఇరుగుపొరుగు భాషలు

జుక్కల్ అవతలి కన్నడంలో 'బరలి' అంటే రానీ, వచ్చుగాక. 'బందరె' అంటే వస్తే. కోరిక ఒక అంగం మీద, షరతు ఇంకో అంగం మీద. తెలుగు విభజనే అక్కడా ఉంది. మరాఠీలో 'త్యానే యావే' అంటే అతడు రావాలి. 'తో ఆలా తర్' అంటే అతడు వస్తే. ఇక్కడ షరతు ఏకంగా భూతకాలపు అంగాన్నే తీసుకుంటుంది. ఉర్దూకు అచ్చమైన సబ్జంక్టివ్ వరుస ఉంది: ఆయే, జాయే, కరే. 'ఖుదా కరే' అన్న మాటతో మొదలయ్యే కోరికలు ఈ ప్రాంతపు దక్కనీ ఉర్దూలో రోజూ వినిపిస్తాయి. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే మొదలైంది. అందుకే ఆ కాలంలో చదువుకున్న తెలుగువాళ్లకు సబ్జంక్టివ్ అనే పేరు తెలియకపోయినా దాని వాడుక చేతికి అలవడి ఉండేది.

బోధన

హైదరాబాద్‌లో 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలైన ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో ఇవాళ స్పానిష్ కూడా నేర్పుతున్నారు. తెలుగు విద్యార్థికి ఈ పాఠం ఇంగ్లీషు మీదుగా చేరడం వల్ల అనవసరమైన బరువు పడుతుంది. ఇంగ్లీషులో సబ్జంక్టివ్ దాదాపు అరిగిపోయింది, ధాతువు మార్పు పురుషను బట్టి ఉండదు. 'రమ్మను, రానియ్, రాకుంటే' అని రోజూ అనే పిల్లవాడికి 'కోరేవాడు వేరు, చేసేవాడు వేరు' అన్న సూత్రాన్ని తన మాటలోంచే చూపిస్తే సబ్జంక్టివ్ ఎప్పుడు వాడాలో తేలిగ్గా పట్టుబడుతుంది. ఆ తర్వాత నేర్చుకోవలసింది ఊనిక ఎక్కడ పడుతుందన్నది మాత్రమే.

దీనికి ముందు పిల్లవాడికి తన మాట తప్పు కాదన్న నమ్మకం ఉండాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ బడుల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం: 'వస్తలేడు'ను, 'రాండ్రి'ని, 'కూసోరాదు'ను ఎర్ర సిరాతో కొట్టేయకండి. వాటి పక్కన రాతభాష రూపం రాయించండి, రెండూ నేర్పండి. ఊళ్లో పెద్దవాళ్లు వాడే ఒక్కో క్రియకు మూడు అంగాలు, వస్త, వచ్చిన, రావాలె అన్న వరుసలో, పిల్లలచేత సేకరింపజేసి నోటుబుక్కుల్లో ఉంచండి. ఈ ప్రాంతపు క్రియకు వ్యాకరణం రాయాలంటే ముందుగా కావలసింది ఆ జాబితాయే.